భోజ్‌పురి, మైథిలి, మగహి: మీకు ఏది కావాలి?

"బిహారీ నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు రకరకాలుగా ఉంటారు. బిల్డింగ్ సైట్ల దగ్గర సూపర్‌వైజర్లు, రైస్‌మిల్లు నడిపేవాళ్లు, హైదరాబాద్ శివార్లలో ప్రభుత్వ బడి టీచర్లు, పట్నా వైపు పెళ్లి సంబంధం కుదిరిన కుటుంబాలు, సివిల్స్‌కి చదివే పిల్లలు. అందరికీ ఒకే పుస్తకం పేరు చెప్పి పంపించడం కుదరదు. ఎందుకంటే బిహారీ అనే భాష ఒకటి లేదు.

ఆ పేరు జార్జ్ గ్రియర్సన్ స్థిరపరిచింది. బ్రిటిష్ పాలనలో బిహార్‌లో పనిచేసిన ఐసీఎస్ అధికారి ఆయన. భారత భాషా సర్వేలో భాగంగా 1903లో వచ్చిన సంపుటంలో భోజ్‌పురి, మైథిలి, మగహి మూడింటినీ కలిపి బిహారీ అనే శీర్షిక కింద పెట్టాడు. పండితుల సౌకర్యం కోసం పెట్టిన గుంపు పేరు అది. ఛప్రా మనిషి తన ఇంటి మాట భోజ్‌పురి అంటాడు, మధుబని మనిషి మైథిలి అంటాడు, నలందా మనిషి మగహి అంటాడు. భాగల్‌పూర్ వాళ్లు అంగిక అంటారు, ముజఫర్‌పూర్, వైశాలి వైపు వాళ్లు బజ్జిక అంటారు. గ్రియర్సన్ ఈ చివరి రెంటినీ మైథిలి మాండలికాలుగా లెక్కవేశాడు. మైథిలి పండితుల్లో చాలామంది ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారు. అంగిక వాళ్లు మాత్రం ఒప్పుకోరు. భాష ఎవరి నోట ఉందో వాళ్లు పెట్టుకున్న పేరుతోనే దాన్ని పిలవడం మర్యాద అని నా నమ్మకం. మీరు నేర్చుకోబోయేది కూడా ఆ మనుషులతో మాట్లాడడానికే కదా.

కాబట్టి ఏ భాష పెద్దది, ఏది సులువు అనే ప్రశ్నలు తర్వాత. ఎవరితో మాట్లాడాలి, వాళ్లది ఏ జిల్లా అన్నది ముందు తేల్చుకోండి.

హిందీతో సరిపోతుందా?

ఈ ప్రశ్న వదిలేసి భాషల పోలికలోకి దిగితే మీ సమయం వృథా అవుతుంది. బిహార్‌లో బడి చదువు హిందీలోనే సాగుతుంది. హైదరాబాద్ వచ్చి పని చేసుకునేవాళ్లలో ఎక్కువమందికి హిందీ వచ్చు. కూలీ ఎంత, పని ఎప్పుడు మొదలు, సామాను ఎక్కడ దించాలి అనే మాటల వరకే మీ అవసరమైతే ఉన్న హిందీకి మెరుగు పెట్టుకోండి, అది చాలు.

హిందీ చాలని చోట్లు వేరే ఉన్నాయి. ఊరి నుంచి మొదటిసారి వచ్చిన కుర్రాడు, భర్త వెంట వచ్చిన ఇల్లాలు, కొడుకు దగ్గరికి వచ్చిన ముసలి తల్లి, ఒకటో తరగతి పిల్లవాడు. వీళ్లకు హిందీ అర్థమవుతుంది కానీ నోరు తిరగదు, లేదంటే బెరుకు. నొప్పి ఎక్కడ, ఎలా ఉందని డాక్టర్ అడిగితే "బాగానే ఉంది" అని తల ఊపేస్తారు. ఇంటి మాటలో అడిగినప్పుడే అసలు సంగతి బయటికి వస్తుంది. ఆసుపత్రిలో, బడిలో, ఇంట్లో పనికొచ్చే భాష కావాలంటే మీకు హిందీ దాటి ఇంకో అడుగు అవసరం. ఈ వ్యాసం అలాంటి అవసరం ఉన్నవాళ్ల కోసమే.

ముందు జిల్లా అడగండి

హైదరాబాద్ నుంచి బిహార్ వెళ్లే రైళ్లే ఈ భాషల సరిహద్దులు చూపిస్తాయి. దానాపూర్ రైలు ఉత్తరప్రదేశ్ దాటి బక్సర్ దగ్గర బిహార్‌లోకి అడుగుపెడుతుంది. బక్సర్, ఆరా అంతా భోజ్‌పురి నేల. ఆరా దాటాక కోయిల్‌వర్ దగ్గర సోన్ నది మీద 1862 నాటి పాత వంతెన ఉంది. ఆ నది దాటితే మగహి మొదలవుతుంది. దానాపూర్, పట్నా, నలందా, నవాదా, గయ, జహానాబాద్, అర్వల్, ఔరంగాబాద్ అన్నీ మగహి వైపే. పట్నా నగరంలో మాత్రం రాజధాని కావడం వల్ల అన్నీ వినిపిస్తాయి, వీధిలో హిందీయే ఎక్కువ.

దర్భంగా రైలు ఎక్కేవాళ్లు మైథిలి వాళ్లయి ఉండే అవకాశం ఎక్కువ. దర్భంగా, మధుబని, సమస్తీపూర్, సుపౌల్, సహర్సా, మధేపురా ఆ భాషకు గుండెకాయ లాంటి జిల్లాలు. నేపాల్ వైపు జనక్‌పూర్ కూడా అంతే. రక్సౌల్ రైలు చివరి స్టేషన్ తూర్పు చంపారణ్‌లో, నేపాల్ సరిహద్దు మీద ఉంది. అక్కడ భోజ్‌పురి. కానీ ఆ రైలు దారిలో దర్భంగా, సీతామఢీ కూడా తగులుతాయి కాబట్టి ఒకే బోగీలో మూడు రకాల మాటలు వినిపించవచ్చు.

భోజ్‌పురి జిల్లాల పేర్లు గుర్తుంచుకోండి: భోజ్‌పూర్, బక్సర్, రోహ్‌తాస్, కైమూర్, సారణ్, సివాన్, గోపాల్‌గంజ్, రెండు చంపారణ్‌లు. ఇవి బిహార్‌లోవి. ఉత్తరప్రదేశ్‌లో బలియా, ఘాజీపూర్, దేవరియా, గోరఖ్‌పూర్, మవూ, ఆజమ్‌గఢ్, వారణాసి కూడా భోజ్‌పురివే. అందుకే "మాది యూపీ" అన్నవాడిని బిహార్ లెక్కలోంచి తీసేయకండి. బలియా వాడికీ ఆరా వాడికీ మాట దాదాపు ఒకటే. ఝార్ఖండ్‌లో పలామూ, గఢ్వా వైపు కూడా భోజ్‌పురి, మగహి కలిసి వినిపిస్తాయి.

తెలంగాణ రైస్‌మిల్లుల సంగతి విడిగా చెప్పాలి. 2020 మే నెలలో లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు, కూలీలంతా సొంత ఊళ్లకు వెళ్లిపోతున్న సమయంలోనే, ఖగడియా నుంచి లింగంపల్లికి ఒక ప్రత్యేక రైలు ఎదురు వచ్చింది. అందులో వచ్చినవాళ్లు మన మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు. యాసంగి ధాన్యం మిల్లుల్లో గుట్టలు పడితే దించడానికి వాళ్లే కావలసివచ్చింది. ఆ ఖగడియా అంగిక మాట్లాడే జిల్లా. భాగల్‌పూర్, బాంకా, ముంగేర్‌లు కూడా అంతే. కాబట్టి ఖగడియా వైపు హమాలీలున్న మిల్లు యజమాని "బిహార్ వాళ్లు కదా" అని భోజ్‌పురి నేర్చుకుంటే ఆ శ్రమ తప్పు చోట పోసినట్టే. ఆయనకు పనికొచ్చేది అంగిక. అంగికకు పుస్తకాలు దొరక్కపోతే దానికి చాలా దగ్గరగా ఉండే మైథిలితో మొదలుపెట్టి, మాట తీరు హమాలీల దగ్గరే దిద్దుకోవాలి.

చెవితో గుర్తుపట్టడం

జిల్లా అడిగే వీలు లేనప్పుడు "ఉంది" అనే క్రియ కోసం చెవి పెట్టండి. పాత కాలం నుంచి ఈ భాషల్ని వేరు చేయడానికి వాడే గుర్తు ఇదే, చాలావరకు పనిచేస్తుంది.

వాక్యం చివర "బా" వినిపిస్తే భోజ్‌పురి. "కా హాల్ బా?" అంటే ఎలా ఉన్నారు అని. "అఛి", "ఛీ", "ఛథి" వినిపిస్తే మైథిలి. "హమ్ నీక్ ఛీ" అంటే నేను బాగున్నాను. "హఇ", "హథిన్" అంటే మగహి. "ఛై" అని తరచుగా వస్తూ, మైథిలి కంటే కొంచెం మొరటుగా, సాగదీసినట్టు ఉంటే అంగిక కావచ్చు. గ్రియర్సన్ ఆ మాటకు ఛికా-ఛికీ అని పేరు పెట్టింది ఈ "ఛ" క్రియ రూపాల వల్లే.

ఇంకో గుర్తు "ఏమిటి" అనే మాట. భోజ్‌పురిలో "కా", మైథిలిలో "కీ". పేరు అడగాలంటే భోజ్‌పురిలో "రాఉర్ నామ్ కా హ?" అంటారు. మైథిలిలో "అహాఁక్ నామ్ కీ అఛి?" అంటారు. మగహిలో గౌరవంగా "అపనే కే నామ్ కా హఇ?" అనవచ్చు. ఈ మూడు వాక్యాలూ నేర్చుకుని ఎదుటి మనిషి దగ్గర ఒక్కొక్కటీ అని చూడండి. ఏ వాక్యానికి ముఖం విప్పారిందో చూస్తే మీ ఎంపిక సగం అయిపోతుంది.

తెలుగువాళ్లకు ఏది సులువు?

ఇక్కడ ఒక మంచి కబురుంది. హిందీలో మనల్ని ఎక్కువగా ఏడిపించే రెండు విషయాలు ఈ భాషల్లో బాగా తేలికపడతాయి. ఒకటి "నే". "మైనే రోటీ ఖాయీ" అన్నప్పుడు కర్తకు "నే" తగిలించి, క్రియను రొట్టె లింగానికి మార్చాలి. ఎన్నేళ్లు హిందీ మాట్లాడినా చాలామంది తెలుగువాళ్లకు ఇది కుదరదు. భోజ్‌పురిలో, మైథిలిలో, మగహిలో ఆ "నే" లేనే లేదు. భోజ్‌పురిలో "హమ్ రోటీ ఖఇలీఁ" అంతే. సారణ్ వైపు "ఖఇనీ" అంటారు. మనం "నేను రొట్టె తిన్నాను" అన్నట్టే క్రియ నాతో పాటు నడుస్తుంది, రొట్టెతో కాదు.

రెండోది లింగం. బస్సు ఆడదా మగదా, కుర్చీ ఆడదా మగదా అనే టెన్షన్ ఈ భాషల్లో చాలా తక్కువ. భోజ్‌పురిలో ఆడవాళ్ల గురించి చెప్పేటప్పుడు క్రియలో కొన్ని రూపాలు మారతాయి, వస్తువుల జోలికి అంతగా పోదు. మైథిలి, మగహిల్లో ఇంకా తక్కువ. మూడో తరగతి నుంచి హిందీ చదివి లింగాల దగ్గర మార్కులు పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇవి హిందీ కంటే బెంగాలీ, ఒడియా, అస్సామీ వైపు చుట్టరికం ఉన్న భాషలని గ్రియర్సన్ చెప్పింది ఊరికే కాదు. గడిచిన కాలానికి "ల", రాబోయే కాలానికి "బ" వాడతారు. "వెళ్లాడు" అనడానికి భోజ్‌పురిలో "గఇల్", మైథిలిలో "గేల". "వెళ్తాను" అనడానికి భోజ్‌పురిలో "జాఇబ్", మైథిలిలో "జాయబ్". ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు ఒడియా వింటూ పెరిగినవాళ్లకు ఇది వెంటనే తెలిసిపోతుంది. అక్కడ "గలా", "జిబి" అంటారు కదా. శ్రీకాకుళం జిల్లా వాళ్లు ఈ భాషలు హిందీ ద్వారా కాకుండా ఒడియా ద్వారా అందుకుంటే త్వరగా వస్తాయని గట్టిగా చెప్తాను. లెక్కపెట్టేటప్పుడు అంకెకు చిన్న తోక తగిలించే పద్ధతి కూడా ఉంది. రెండు మామిడి పళ్లు అనడానికి భోజ్‌పురిలో "దూ గో ఆమ్", మైథిలిలో "దూ టా ఆమ్". ఒడియా, బెంగాలీ తెలిసినవాళ్లకు ఆ "టా" పాత పరిచయమే.

గౌరవ వాచకాల దగ్గర మనకు ఇబ్బంది ఉండదు. భోజ్‌పురిలో "తే" అంటే అతి చనువు లేదా తక్కువ చేయడం, "తూ" అంటే మన నువ్వు, "రఉఆ" అంటే మీరు. హిందీలో "తూ" మోటు మాట కాబట్టి భోజ్‌పురి "తూ" వినగానే కోపం తెచ్చుకోకండి, ఇక్కడ దాని స్థాయి వేరు. కొత్తవాళ్లతో ఎప్పుడూ "రఉఆ"తోనే మొదలుపెట్టండి. పని చేసే కుర్రాడితో కూడా. వయసులో పెద్దవాళ్లను "చాచా" అనో "భఇయా" అనో వరస కలిపి పిలవండి. మన ఊళ్లలో బాబాయ్, అన్నా అని పిలిస్తే ఎలా దగ్గరవుతారో అక్కడా అంతే.

ఇప్పుడు కష్టం సంగతి. మైథిలి క్రియ భోజ్‌పురి క్రియ కంటే చాలా బరువైనది. తెలుగులో "చూశాను" అన్నామంటే నిన్ను చూసినా, వాణ్ని చూసినా, ఆయన్ని చూసినా క్రియ ఒకటే. మైథిలిలో అలా కాదు. నిన్ను చూశాను అంటే "దేఖలిఔ", వాణ్ని చూశాను అంటే "దేఖలిఐ", ఆయన్ని చూశాను అంటే "దేఖలియన్హి". చూసినవాడితో పాటు చూడబడినవాడి మర్యాద కూడా క్రియలోనే చెప్పేయాలి. మగహిలో కూడా ఇలాంటి పద్ధతే ఉంది. అక్కడ మాట ఎవరితో చెప్తున్నామో వాళ్లను బట్టి కూడా క్రియ తోక మారుతుంది. ప్రపంచ భాషల్లోనే ఆసక్తికరమైన వ్యాకరణాల్లో ఇది ఒకటి, భాషాశాస్త్రం చదివేవాళ్లకు పండగ. కానీ మూడు నెలల్లో నాలుగు మాటలు మాట్లాడాలనుకునేవాళ్లకు భోజ్‌పురి సులువు, అందులో సందేహం లేదు. అయినా మైథిలి ఇంట కోడలిగా లేదా అల్లుడిగా వెళ్లేవాళ్లు సులువని భోజ్‌పురి ఎంచుకోవడంలో అర్థం లేదు. మొదట్లో క్రియ తోకలు తప్పుతాయి, వాళ్లే దిద్దుతారు. "అహాఁ" అనే మర్యాద మాట ఒక్కటి తప్పకుండా ఉంటే చాలు.

సంఖ్యలు చూసి ఎంచుకోవచ్చా?

2011 జనగణనలో భోజ్‌పురి తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 5 కోట్ల పైచిలుకు. మైథిలి దాదాపు 1.36 కోట్లు, మగహి 1.27 కోట్లు. ఈ అంకెలు చూసి భోజ్‌పురి అని నిర్ణయించేయకండి. జనగణనలో భోజ్‌పురి, మగహి రెండూ హిందీ పద్దు కిందే కలుస్తాయి, మైథిలి ఒక్కటే విడి భాషగా లెక్కలోకి వస్తుంది. పైగా తమ ఇంటి మాట ఏదైనా "హిందీ" అని రాయించేవాళ్లు బిహార్‌లో ఎక్కువ. మన దగ్గర శ్రీకాకుళం మాటనో తెలంగాణ మాటనో సినిమాల్లో వెక్కిరించినప్పుడు ఎంత బాధపడ్డామో గుర్తుంటే, తన భాష పేరు చెప్పుకోవడానికి మనిషి ఎందుకు వెనకాడతాడో అర్థమవుతుంది. ఈ భాషల్ని చెడిపోయిన హిందీ అనడం ఆ గాయాన్ని కెలకడమే. మీరు నేర్చుకునే చోట ఎవరైనా అలా అంటే ఒప్పుకోవద్దు.

ప్రభుత్వ గుర్తింపు లెక్క వేరే. మైథిలికి సాహిత్య అకాడమీ 1965లోనే గుర్తింపు ఇచ్చింది. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో బోడో, డోగ్రీ, సంతాలీలతో పాటు రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూల్లో చేరింది. 2024 నవంబర్ 26న రాజ్యాంగం మైథిలి అనువాదం కూడా విడుదలైంది. భోజ్‌పురి మాట్లాడేవాళ్లు ఎంతోకాలంగా అడుగుతున్నా ఆ షెడ్యూల్లో చోటు దక్కలేదు. ఝార్ఖండ్ మాత్రం 2018లో భోజ్‌పురి, మైథిలి, మగహి, అంగికలను రెండో అధికార భాషల్లో చేర్చింది. నేపాల్‌లో నేపాలీ తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష మైథిలి. 2021 లెక్కల ప్రకారం దేశ జనాభాలో దాదాపు 11 శాతం. అక్కడ భోజ్‌పురి 6 శాతం పైన ఉంది.

సివిల్స్ రాసే పిల్లలకు ఈ తేడా నేరుగా తగులుతుంది. ఎనిమిదో షెడ్యూల్లో ఉంది కాబట్టి మైథిలి సాహిత్యం యూపీఎస్సీ ఆప్షనల్‌గా తీసుకోవచ్చు, భోజ్‌పురి, మగహిలకు ఆ వీలు లేదు. అయితే తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లలు మార్కుల ఆశతో మైథిలి ఆప్షనల్ తీసుకోవడం నేను సమర్థించను. రెండు పేపర్లు ఆ భాషలోనే సాహిత్య స్థాయిలో రాయాలి. తెలుగు సాహిత్యం చేతిలో ఉండగా దానికోసం సంవత్సరాలు పెట్టనవసరం లేదు.

చదువుకోవడానికి అయితే

సాహిత్యం కోసమే భాష నేర్చుకునేవాళ్లు ఎవరైనా ఉంటే సందేహించకుండా మైథిలి వైపు వెళ్లండి. 14వ శతాబ్దపు తొలి సగంలోనే జ్యోతిరీశ్వర ఠాకుర్ మైథిలిలో వచనం రాశాడు. ఉత్తర భారత ఆధునిక భాషల్లో మనకు దొరుకుతున్న అతి పాత వచన రచనల్లో అది ముందు వరసలో ఉంటుంది. తర్వాత విద్యాపతి. రాధాకృష్ణుల మీద ఆయన రాసిన పదాలు మిథిల దాటి బెంగాల్‌లోకి వెళ్లి అక్కడి వైష్ణవ కవిత్వాన్నే మలిచాయి. అన్నమయ్య, క్షేత్రయ్య పదాలు వింటూ పెరిగిన చెవికి విద్యాపతి చాలా త్వరగా చుట్టం అవుతాడు. తిరహుతా అనే సొంత లిపి కూడా ఉంది. 2014లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు పుస్తకాలన్నీ దేవనాగరిలోనే వస్తాయి కాబట్టి ఆ లిపి మొదట్లో అవసరం లేదు.

భోజ్‌పురి గొప్పతనం పుస్తకంలో కంటే గొంతులో, రంగస్థలం మీద ఉంది. సారణ్ జిల్లా కుతుబ్‌పూర్‌లో 1887లో పుట్టిన భిఖారీ ఠాకుర్ పెద్దగా చదువుకోలేదు. కూలి కోసం కలకత్తా వెళ్లిన భర్త, ఊళ్లో మిగిలిపోయిన భార్య, ఈ కథను ఆయన ఊరూరా ఆడించాడు. బిదేసియా అనే నాటక పద్ధతే ఆయన పేరుతో నిలబడింది. మన పాలమూరు, ఉత్తరాంధ్ర ఊళ్ల వలస బతుకు తెలిసినవాళ్లకు ఆ కథలోని నొప్పికి వివరణ అక్కర్లేదు. వలస వెళ్లిన మనుషుల మనసు అర్థం చేసుకోవాలని భాష నేర్చుకుంటుంటే భోజ్‌పురి కంటే మంచి దారి లేదు.

పాటల విషయంలో ఒక హెచ్చరిక. ఫోన్‌లో భోజ్‌పురి అని వెతకగానే ముందుకొచ్చే పాటల్లో చాలావాటి మాటలు ఇంట్లో పలకలేనివి. వాటితో భాష నేర్చుకుని ఎవరింట్లోనైనా వాడితే గౌరవం పోతుంది. ఆ పాటలు చూసి భోజ్‌పురి అంటేనే అంత అనుకోవడం కూడా అన్యాయం. సూర్యుణ్ని కొలిచే ఛఠ్ పండుగ పాటలతో, పెళ్లి పాటలతో, పురిటి ఇళ్లలో పాడే సోహర్‌తో మొదలుపెట్టండి. 2024 నవంబర్‌లో ఛఠ్ మొదలైన రోజునే కన్నుమూసిన శారదా సిన్హా గొంతు అన్నిటికంటే మంచి గురువు. మిథిల ప్రాంతంలో పుట్టి మైథిలి, భోజ్‌పురి, మగహి మూడింటిలోనూ ఆమె పాడారు. ఉచ్చారణ స్పష్టంగా, నెమ్మదిగా ఉంటుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఛఠ్ సాయంత్రం నిలబడితే అవే పాటలు వేరువేరు యాసల్లో వినిపిస్తాయి.

మగహి విషయంలో నాకు కొంచెం బాధే. బుద్ధుడు తిరిగిన మగధ నేల భాష, ఆ మాగధి పేరే దానికి వచ్చింది, అయినా ఈ మూడింటిలో బయటివాళ్లు అతి తక్కువగా పట్టించుకున్నది అదే. నేర్చుకోవడానికి సామగ్రి కూడా తక్కువ. బుద్ధగయకు, రాజ్‌గిర్‌కు, నలందాకు యాత్రగా వెళ్లేవాళ్లకు హిందీ సరిపోతుంది. గయ వైపు ఉద్యోగం పడినవాళ్లు, అక్కడి ఇంటితో చుట్టరికం కలిసినవాళ్లు మాత్రం మగహినే పట్టుకోండి. బయటివాడి నోట మగహి వినడం అక్కడివాళ్లకు అరుదు, కాబట్టి నేర్పడానికి ఎవరైనా ముందుకొస్తారు.

సముద్రం దాటిన భోజ్‌పురి

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లలో కొందరికి భోజ్‌పురి తాతల నాటి సంగతి. 1834 నుంచి మారిషస్‌కు కూలీల ఓడలు వెళ్లాయి. మన కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు కూడా వచ్చింది. చెరకు తోటల్లో ఉత్తరాది వాళ్లు ఎక్కువ కావడంతో భోజ్‌పురి అందరి ఉమ్మడి మాట అయింది. తెలుగు, తమిళ కుటుంబాలు కూడా అది మాట్లాడాయి. అక్కడి భోజ్‌పురి పెళ్లి పాటల సంప్రదాయం గీత్-గవాయ్‌ని యునెస్కో 2016లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు ఇళ్లలో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష పైచేయి సాధించింది. మారిషస్ చుట్టాల కోసం నేర్చుకోవాలంటే పెద్దతరం వాళ్లతో పాటలు పంచుకోవడానికి భోజ్‌పురి, కుర్రవాళ్లతో మాటకు క్రియోల్ అని ముందే తెలుసుకోండి. ఫిజీ హిందీ, సురినామ్‌లోని సర్నామీ భోజ్‌పురి, అవధీలు కలిసి పుట్టిన వేరే భాషలు. భోజ్‌పురి వస్తే అవి కొంత అర్థమవుతాయి, మాట్లాడడం మళ్లీ నేర్చుకోవాలి.

ఎక్కడ నేర్చుకోవాలి?

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2022 మే నుంచి భోజ్‌పురి, మైథిలి ఉన్నాయి. ఒక మాట అర్థం చూసుకోవడానికి పరవాలేదు. వాక్యాల్ని నమ్మి అలాగే అనేయకండి. ముఖ్యంగా గౌరవ వాచకాల దగ్గర యంత్రం తడబడుతుంది. రెండు భాషల్లోనూ వికీపీడియా ఉంది, చదవడం అలవాటు కావడానికి మంచిదే. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) భోజ్‌పురిలో సర్టిఫికెట్ కోర్సు పెట్టింది, ఇప్పుడు అడ్మిషన్ ఉందో లేదో వాళ్ల సైట్‌లో చూసి దరఖాస్తు చేయండి. దర్భంగా విశ్వవిద్యాలయంలో మైథిలి, ఆరాలోని విశ్వవిద్యాలయంలో భోజ్‌పురి ఎంఏ స్థాయి వరకు చెప్తారు. అంగిక, బజ్జికలకు మాత్రం మనిషే పుస్తకం.

నేనైతే డబ్బు కోర్సు మీద కంటే మనిషి మీద పెడతాను. మీ ఊళ్లోనే ఉన్న దర్భంగా లేదా సివాన్ కుర్రాడికి, చదువుకున్న ఇల్లాలికి వారానికి రెండు గంటల పాఠానికి మర్యాదైన రుసుము ఇవ్వండి. పనివాళ్లను పని వేళల్లో ఉచితంగా నేర్పమనడం తప్పు. వాళ్ల సమయానికి ధర కట్టండి. పాఠం చెప్పేవాళ్ల జిల్లా, మీరు మాట్లాడాలనుకునేవాళ్ల జిల్లా ఒకటే అయ్యేలా చూసుకోండి. సివాన్ మనిషి దగ్గర భోజ్‌పురి నేర్చుకుని బనారస్ వెళ్తే కొన్ని క్రియలు మారతాయి, కంగారు పడనక్కర్లేదు. సివాన్ మనిషి దగ్గర నేర్చుకుని మధుబని వెళ్తే మాత్రం మళ్లీ మొదటికి వస్తారు.

బడి టీచర్లకు ఇంకో మాట. ఒకే తరగతిలో ఛప్రా పిల్లలు, సమస్తీపూర్ పిల్లలు కలిసి ఉంటే రెండు భాషలూ నేర్చుకోలేరు కదా. అప్పుడు ఒక్కో భాషలో పాతిక మాటలు చాలు: ఆకలి, దాహం, నొప్పి, భయం, బాత్రూమ్, అమ్మ ఎక్కడ, ఇంటికి ఎవరు తీసుకెళ్తారు. ఈ మాటల పట్టిక పిల్లల తల్లులతోనే రాయించండి. ఏ భాషకు ఆ భాష విడిగా, పైన పేరు రాసి పెట్టండి. పట్టిక మీద "బిహారీ" అని రాయకండి, ఆ తల్లి తన భాషకు ఏ పేరు చెప్పిందో అదే రాయండి.

చివరగా హిందీ అసలు రానివాళ్ల సంగతి. నేరుగా భోజ్‌పురి మొదలుపెట్టవచ్చా అని అడుగుతారు. మాట్లాడడం వరకైతే పెట్టవచ్చు, "నే" బెడద లేదు కాబట్టి నిజానికి హిందీ కంటే త్వరగా వాక్యం కుదురుతుంది. కానీ దొరికే పుస్తకాలు, వ్యాకరణాలు దాదాపు అన్నీ హిందీలో వివరించినవే. అందుకని మొదటి నెలలో దేవనాగరి అక్షరాలు, రోజువారీ హిందీ మాటలు కొన్ని చూసుకోండి. ఆ తర్వాత హిందీ వ్యాకరణంలోకి దిగకుండా నేరుగా మీరు ఎంచుకున్న భాషలోకి వెళ్లండి. హిందీ లింగాలు బుర్రలో పాతుకుపోకముందే "హమ్ జాఇబ్" నోటికి రావడం మంచిది.